ఇల్లాలు లేవచ్చు

"నీకు మోకాలు నొప్పి కదా, ఈ ఏడు లేవడం కోడలికి అప్పజెప్పెయ్," అన్నాడు ఇమ్రిచ్, బూట్లకంటిన మంచు గడప దగ్గర దులుపుకుంటూ.

ఒటీలియా చేతులు మణికట్లు దాటి పిండిలో ఉన్నాయి. క్రిస్మస్ ముందురోజు పొద్దున్న. సాయంత్రం భోజనంలోకి తేనే గసగసాలూ పట్టించే చిన్న చిన్న ఉండల కోసం పిండి పిసుకుతోంది. ఇమ్రిచ్ పొయ్యి పక్కకి కుర్చీ లాక్కుని, కాళ్ళు వెచ్చగా చాపుకుని, "చిన్నపిల్ల, చటుక్కున లేస్తుంది. నువ్వు హాయిగా కూర్చో," అని ముగించాడు. పెళ్ళాం మోకాలిని గుర్తుపెట్టుకున్న మొగుడు ఒరావా లోయ మొత్తానికీ తనొక్కడే అన్నంత తృప్తి ఆ మొహంలో.

"టీ ఉందా?" అన్నాడు ఆ వెంటనే.

ఉంది. ఎప్పుడూ ఉంటుంది. ఆవిడ చేతులు కడుక్కుని, టీ పోసి, అతని చేతికిచ్చి, మళ్ళీ పిండి దగ్గరికొచ్చింది. అలాంటివి ఆ ఇంట్లో పొద్దున్నుంచి రాత్రి దాకా జరుగుతూనే ఉంటాయి. పట్టించుకోవడం ఆవిడ ఎప్పుడో మానేసింది. కానీ ఆ మాట మాత్రం గోళ్ళలో ఇరుక్కున్న పిండిలా ఎంత కడిగినా పోలేదు. లేవడం అప్పజెప్పెయ్. మెళ్ళో గొలుసు తీసి కోడలికి వేసినట్టు, పెట్టెలో దాచిన పింగాణీ గిన్నెలు తీసి చేతిలో పెట్టినట్టు, లేవడం కూడా తీసి ఇవ్వాలి కాబోలు.

బయట మంచు వారం మొదట్నుంచీ కురుస్తూనే ఉంది. ఒటీలియాకి మంచంటే ఇష్టం. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు, ఎందుకంటే ఊరంతా మంచుని తిట్టుకునేవాళ్ళే. ఆవిడకి మాత్రం డిసెంబరు వచ్చి ఆకాశం బూడిదరంగులోకి దిగిందంటే లోపల ఏదో సర్దుకుని కూర్చున్నట్టుంటుంది. దారి మూసుకుపోతుంది. ఆడపడుచులు రారు. వచ్చి, కిటికీ తెరల అంచులు పట్టుకు చూసి, "ఈ ఏడు ఉతకలేదా వదినా?" అని అడగరు. గులాబీకాయల టీ ఒక కప్పు పోసుకుని కిటికీ దగ్గర నిలబడితే, కట్టెల గుట్టకీ, కోళ్ళగూటికీ, ఇమ్రిచ్ ప్రాణంలా చూసుకునే కారుకీ ఒకటే దుప్పటి. కారని మర్యాదా లేదు, కోళ్ళగూడని చులకనా లేదు. దేవుడు లోకాన్ని ఇలాగే చూస్తాడేమో అనుకుంటుంది ఆవిడ. చర్చిలో ఎంత సేపు మోకరించినా రాని నమ్మకం, ఆ కిటికీ దగ్గర, చేతిలో వెచ్చటి కప్పుతో, అడక్కుండానే వచ్చేస్తుంది.

గేటు దాకా ఇమ్రిచ్ తీసిన దారి కనిపిస్తోంది. పారతో ఎత్తిపోస్తున్నంత సేపూ కిటికీ వైపు చూస్తూనే ఎత్తిపోశాడు. పక్కన ఇంత ఎత్తు గుట్ట. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ ఆగి, "అబ్బో, ఎంత పని చేశావయ్యా ఇమ్రిచ్!" అంటారు. మంచు ఎత్తిపోస్తే గుట్ట మిగులుతుంది చూపించుకోవడానికి. వంటచేస్తే మిగిలేది ఖాళీ గిన్నె. ఖాళీ గిన్నెని చూసి ఆగేవాళ్ళెవరు?

ఉండలు చుడుతుంటే ఆవిడకి ఆ ఇంట్లో తన మొదటి క్రిస్మస్ గుర్తొచ్చింది. కొత్తగా పెళ్ళయింది. సాయంత్రం మొదటి చుక్క పొడవగానే అందరూ బల్ల చుట్టూ చేరారు. మామగారు ప్రార్థన చెప్పారు, అత్తగారు జుజానా అందరి నుదుటా తేనెతో సిలువ గుర్తు పెట్టింది. కూర్చోబోయే ముందు మామగారు పెద్ద గొంతుతో ఏటేటా చెప్పే మాట చెప్పారు. ఇంక ఎవరూ లేవకూడదు. భోజనం పూర్తికాకుండా ఈ బల్ల దగ్గర్నుంచి లేచినవాళ్ళు వచ్చే క్రిస్మస్‌కి ఈ బల్ల దగ్గర ఉండరు. ఒటీలియా పుట్టింట్లోనూ ఆ నమ్మకం ఉంది. అక్కడ గిన్నెలన్నీ బల్ల మీదే పెట్టుకుని, తల్లితో సహా అంతా కూర్చునేవాళ్ళు. అదే అలవాటుతో బుద్ధిగా కూర్చుంది. అప్పుడు జుజానా తన నడుముకున్న వంటగుడ్డ విప్పి, వెనక నుంచి వచ్చి కోడలి నడుముకి కట్టింది.

"పులుసు పొయ్యి మీదుంది, పట్రా అమ్మాయ్."

"లేవకూడదు కదా అత్తయ్యా?"

"ఆ పట్టింపు ఇల్లాలికి లేదే. ఇల్లాలు లేవచ్చు. ఆవిణ్ణి చావు కూడా ముట్టుకోదు. ముట్టుకుంటే మరి అంట్లెవరు తోముతారు?"

అంతా పడీపడీ నవ్వారు. ఇమ్రిచ్ అందరికంటే గట్టిగా నవ్వాడు. నవ్వకపోతే కొత్తకోడలికి పొగరనుకుంటారని ఒటీలియా కూడా నవ్వి, లేచి, పులుసు తెచ్చింది. తర్వాత రొట్టె. తర్వాత చేప. తర్వాత మామగారికి మిరియాలు, మరిదికి ఇంకో చెంచా, అతని చెంచా కిందపడింది కాబట్టి. తన పులుసు దగ్గరికి తిరిగొచ్చేసరికి దాని మీద నూనె తెల్లగా పేరుకుపోయింది. చల్లటి క్యాబేజీ పులుసు నోట్లో పెట్టుకుని, ఎదురుగా చూస్తే, జుజానా రెండు మోచేతులూ బల్ల మీద ఆనించి, కళ్ళు మూసుకుని, వేడివేడిగా పులుసు తాగుతోంది. జైలునుంచి ఆ పూటే బయటికొచ్చిన మనిషిలా. తను కూర్చోవడం కోసం ఆవిడకి ఇంకొకరిని లేపాల్సి వచ్చిందని ఒటీలియాకి చాలా ఏళ్ళకిగానీ తెలిసిరాలేదు. జుజానా మంచాన పడ్డ చలికాలంలో ఒకనాడు చెంచాతో ఆ పులుసు తాగిస్తుంటే, "నీ పెళ్ళయ్యేదాకా దీని రుచి నాకు తెలీదే ఒటీ. వేడిగా ఉంటే పుట్టగొడుగుల వాసన వస్తుంది, చూశావా?" అంది. ఒటీలియా చూడలేదు. ఆ సంగతి ఆవిడకి చెప్పనూలేదు.

ఆ మొదటి రాత్రే, అంట్లు తోముతూ, ఒటీలియాకి ఒక ఆలోచన వచ్చింది. లేచినవాళ్ళు మళ్ళీ ఏడు ఈ బల్ల దగ్గర ఉండరంటారు. నేను ఎన్నిసార్లు లేచినా ఏమీ కాదంటారు. అంటే నేను బల్ల దగ్గర ఉన్నట్టే లెక్కలో లేదన్నమాట. లేని మనిషి పోయేదెక్కడికి? ఆ ఆలోచన ఎంత చల్లగా తగిలిందంటే, ఆవిడ తోమిన గిన్నెనే మళ్ళీ తోమింది.

తర్వాత నారబట్టల మిల్లు క్యాంటీన్లో ఉద్యోగం దొరికింది. మిల్లు మొత్తానికీ వడ్డించే ఆడవాళ్ళు తాము మాత్రం నిలబడి, గోడకి వీపు ఆనించి, గిన్నె చేత్తో పట్టుకుని తినేవాళ్ళు. కుర్చీలు లేక కాదు. కూర్చోగానే ఎవరో ఒకరు పిలుస్తారని. మేనేజరు ఒకసారి లోపలికొచ్చి, "ఏమ్మా, గుర్రాల్లా నిలబడే తింటున్నారే!" అని నవ్వాడు. గుర్రాలకి ఆదివారం విశ్రాంతి ఉందని ఎవరో అన్నారు గానీ, ఆయన వెళ్ళిపోయాక అన్నారు. ఆ రోజుల్లో రాజ్యమేలే కమ్యూనిస్టు పార్టీవాళ్ళకి దేవుడంటే పడేది కాదు. చర్చికి వెళ్ళేది ఎవరెవరని బళ్ళో పిల్లల్ని అడిగేవాళ్ళు. మిల్లులో అయితే ఆడా మగా సమానమని గోడల మీద ఎర్రగా రాసి ఉండేది. ఆ రాతల కిందే నిలబడి తినేవాళ్ళు. ఇంటికొస్తే దేవుడు, మిల్లుకెళ్తే పార్టీ. ఎవరింట్లోనైనా ఒటీలియాకి కుర్చీ మాత్రం లేదు.

ఒకసారి చర్చిలో పాపాలు ఒప్పుకునేటప్పుడు పాదిరిగారితో చెప్పుకుంది కూడా. క్రిస్మస్ భోజనం దగ్గర నాకు కోపం వస్తోంది ఫాదర్, అందరూ కూర్చుని తింటుంటే. జాలీ తెర వెనకనుంచి ఆయన మెత్తగా, "ఆ కష్టాన్ని బాలయేసుకి కానుకగా అర్పించుకో తల్లీ," అన్నారు. అర్పించింది. ఏటేటా అర్పించింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. పసిపిల్లాడు, పాపం, ఆ చల్లారిపోయిన పులుసులన్నీ ఏంచేసుకుంటాడు?

ఉండలు పొయ్యిలో పెట్టి, ఆవిడ అటక మీది పెట్టె దించింది. మామగారు మెత్తటి తెల్లకర్రతో చెక్కిన పశువులపాక బొమ్మలు. ఎద్దు, గాడిద, గొర్రెల కాపరులు, యోసేపు, తొట్టిలో బిడ్డ. మరియమ్మ మోకాళ్ళ మీద, వెన్ను నిటారుగా, చేతులు జోడించి ఉంది. కిటికీ గట్టు మీద గడ్డి పరిచి ఒక్కొక్కటీ అమర్చి, ఆఖరికి మరియమ్మని చేతిలోకి తీసుకుని ఆగిపోయింది. ఇప్పుడే కన్న మనిషి. తొలిచూలు. గాడిద మీద అంత దూరం వచ్చి, పశువుల మధ్య కని, వెంటనే మోకాళ్ళ మీద కూర్చుంటుందా? కొడుకు రాస్త్యో పుట్టినప్పుడు ఒటీలియా పక్కకి తిరగడానికే పళ్ళు బిగబట్టింది. మామగారు మంచివాడే గానీ, ఆయన కన్నాడా, చూశాడా?

బొమ్మని గడ్డి మీద పక్కకి పడుకోబెట్టింది. పైన చిన్న ఉన్నిగుడ్డ కప్పింది.

"మరియమ్మ పడిపోయిందే," అన్నాడు ఇమ్రిచ్ కుర్చీలోంచి.

"పడిపోలేదు. పడుకుంది."

"పడుకుంటే ఎలా? ఇంటికి గొర్రెల కాపరులొచ్చారు!"

"వస్తే? వాళ్ళకి పులుసు పొయ్యాలా? యోసేపున్నాడుగా, నిలబడి చోద్యం చూస్తున్నాడు."

ఇమ్రిచ్ కప్పు ఎత్తి టీ తాగాడు. ఒటీలియా మాత్రం ఆలోచనలో పడిపోయింది. చిన్నప్పట్నుంచి వింటున్న సువార్త. ఆ రాత్రి మరియమ్మ లేచిందని ఎక్కడైనా ఉందా? కాపరులు వచ్చారు, చూశారు, వెళ్ళారు. తల్లి ఆ సంగతులన్నీ మనసులో పెట్టుకుని తలపోసుకుందని మాత్రం ఉంది. పడుకుని తలపోసుకుని ఉంటుంది. ఇంకా తవ్వుకుంది. తర్వాత దేవదూత కలలోకి వచ్చి, లే, బిడ్డనీ తల్లినీ తీసుకుని బయల్దేరు అంటాడు. ఎవరితో అంటాడు? యోసేపుతో. ఆ కథ మొత్తంలో దేవుడు లెమ్మన్నది మగమనిషిని! ఆవిడకి తనలో తనకే గట్టిగా నవ్వొచ్చింది. ఇన్నేళ్ళు చర్చిలో వెనక వరసలో కూర్చుని ఇది ఎలా వినిపించుకోలేదు నేను? పొయ్యి మీద ఏం మాడిపోతోందో అని ఆలోచిస్తూ కూర్చుంటే ఏం వినిపిస్తుంది.

దేవుడు వచ్చిందే చేతకాని పసిగుడ్డులా. తనకోసం ఇంకొకరు లేవాల్సిన ప్రాణంలా. బలవంతుడు బలహీనుడై వచ్చిన రాత్రిని, బలం ఉన్నవాళ్ళు కూర్చుని, మోకాళ్ళు అరిగినవాళ్ళు లేస్తూ జరుపుకోవడమేంటి? కిటికీ బయట మంచు అదే పనిగా, తీరిగ్గా, ఎవరి అనుమతీ అడక్కుండా పడుతోంది.

మంచు తోసే బండి మధ్యాహ్నానికి రోడ్డు తీసింది. దాని వెనకే జిలినా పట్నం నుంచి కొడుకూ కోడలూ వచ్చారు. పెళ్ళయ్యాక ఇవెటాకి ఈ ఇంట్లో ఇదే మొదటి క్రిస్మస్. రాస్త్యో తలుపు తీయగానే, "అమ్మా, ఊరి బయటికే వాసనొచ్చింది! ఆగలేక ఆ వాసన పట్టుకునే కారు నడిపా," అన్నాడు. ఇవెటా ఆస్పత్రిలో నర్సు. రాత్రంతా డ్యూటీ చేసి, అక్కణ్ణుంచి నేరుగా వచ్చింది. కళ్ళు లోపలికి పోయాయి. బూట్లు విప్పితే మేజోళ్ళ అంచులు కాళ్ళలోకి దిగిపోయిన గుర్తులు.

"కాసేపు నడుం వాల్చమ్మా."

"అయ్యో వద్దత్తయ్యా. రాగానే మామయ్యగారు చెప్పారు, ఈసారి నేనే లేవాలంట కదా. ఏం ఎక్కడుందో చూపించండి, నేర్చుకుంటా." నవ్వుతూనే వంటగుడ్డ కోసం కొక్కెం వైపు చెయ్యి చాపింది.

"నీకు కాళ్ళు వాచాయి."

"పర్లేదత్తయ్యా. అలవాటే."

అలవాటే. ఒటీలియా ఆ మాట విని పొయ్యి తలుపు మూయడం మరిచిపోయింది. మిల్లు క్యాంటీన్లో ఎవరైనా కూర్చోమంటే తను అన్న మాట. కడుపుతో ఉన్నప్పటి క్రిస్మస్‌కి తల్లి అడిగితే అన్న మాట. ఆ పిల్ల గొంతులో తన గొంతే, అదే ఎత్తులో, అదే నవ్వుతో. జుజానా గొంతు కూడా ఒకప్పుడు ఇలాగే ఉండి ఉంటుంది.

ఆ క్షణంలో ఆవిడకి తేలిపోయింది. కూర్చోవడం ఇష్టమే. ఆ వేడి పులుసు కోసం ఎదురుచూసిన మాటా నిజమే. కానీ ఈ గుడ్డ విప్పి ఈ పిల్ల నడుముకి కట్టి మాత్రం కాదు.

"గుడ్డ అక్కడే ఉండనీ," అంది. "ఆ పొడుగు బెంచీ ఇటు పట్టు."

ఇద్దరూ కలిసి బెంచీ తెచ్చి బల్ల పక్కన, చేతికందేంత దగ్గర వేశారు. దాని మీదికి ఒక్కొక్కటే వచ్చాయి. పులుసు కుండ, చేపల పెనం, రొట్టె, మిరియాలు, ఉప్పు, అదనంగా చెంచాలు, గసగసాల ఉండలు, ఆపిల్ పళ్ళు, అక్రోట్లు. కుండలు చల్లారకుండా ఒటీలియా పడగ్గదిలోంచి ఈకల దుప్పటి తెచ్చి చుట్టూ చుట్టింది.

ఇమ్రిచ్ గుమ్మంలో నిలబడిపోయాడు. "ఏంటే ఇది, సంతలా? నా దుప్పటేది?"

"పులుసు కప్పుకుంది."

రాస్త్యో పగలబడి నవ్వాడు. ఇవెటా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మా అమ్మ చూస్తే ఏమనేది!" అన్నాడు ఇమ్రిచ్.

"ఏమీ అనేది కాదు. గిన్నె పట్టుకొచ్చి ముందు కూర్చునేది," అంది ఒటీలియా.

మంచు మీద నీలిరంగు కమ్మి, కొండ మీద మొదటి చుక్క కనిపించింది. ఏడాదంతా కుటుంబం చెదరకుండా ఉండాలని, ఆనవాయితీ ప్రకారం ఇమ్రిచ్ బల్లకాళ్ళకి గొలుసు చుట్టాడు. ఒటీలియా పొయ్యి దగ్గరి ముక్కాలిపీట కాలితో పక్కకి నెట్టి, గోడవారన, అందరికంటే లోపలికి, మామగారి పాత చోట్లోకి వెళ్ళి కూర్చుంది. అక్కణ్ణుంచి ఎవరైనా బయటికి రావాలంటే ముగ్గుర్ని జరపాలి. ఇవెటాని పక్కన కూర్చోబెట్టుకుంది. ప్రార్థన అయింది. తేనె సిలువలయ్యాయి. ఇమ్రిచ్ గొంతు సవరించుకుని తండ్రి చెప్పినట్టే చెప్పాడు, ఇంక ఎవరూ లేవకూడదని, లేచినవాళ్ళు వచ్చే ఏడు ఈ బల్ల దగ్గర ఉండరని.

దుప్పటి విప్పితే పులుసు పొగలు కక్కింది. ఒటీలియా అందరికీ కూర్చునే పోసి, తనకీ పోసుకుని, చెంచా నోట్లో పెట్టుకుంది. నాలుక చురుక్కుమంది. ఆ వెనకే వచ్చింది వాసన, వాన వెలిశాక అడవిలో పుట్టగొడుగులేరినప్పుడు చేతులకి అంటుకునే వాసన, ఆవిరితో పాటు ముక్కులోకెక్కింది. ఆవిడ చెంచా కింద పెట్టకుండా గిన్నె అడుగు కనిపించేదాకా తాగింది. ఇవెటా కూడా. ఆ పిల్ల బుగ్గల్లోకి రంగొచ్చింది.

"అత్తయ్యా, ఎంత బాగుందో!"

"బాగుందా? నాకూ ఇప్పుడే తెలిసింది," అంది ఒటీలియా.

చేపలు పళ్ళేల్లోకి వచ్చాయి. ఇమ్రిచ్ ఫోర్కు ఎత్తి, బెంచీ వైపు చూసి, బల్ల మీద చూసి, మళ్ళీ బెంచీ వైపు చూశాడు.

"సలాడేదీ?"

బంగాళాదుంపల సలాడ్. పెద్ద గిన్నెడు. పొద్దున్నే చేసి, చల్లబడాలని వరండాలో మంచు పక్కన పెట్టింది. అన్నీ గుర్తుంచుకుని అదొక్కటీ మరిచిపోయింది. చేప ఉన్నాక సలాడ్ లేకుండా క్రిస్మస్ ఎక్కడైనా ఉందా? ఆవిడ అరచేతులు అప్పటికే బల్ల అంచుని నొక్కాయి. మోకాలు దానంతటదే సాగుతోంది. ఇన్నేళ్ళ ఒళ్ళు ఆవిణ్ణి అడక్కుండానే లేస్తోంది. పక్కన ఇంకో కుర్చీ కిర్రుమంది. ఇవెటా అరచేతులు కూడా బల్ల అంచు మీద, అచ్చం అలాగే ఉన్నాయి.

ఆ చేతులు చూసి ఒటీలియా ఆగింది. కోడలి మణికట్టు మీద చెయ్యి వేసి, తను కిందికి ఆనుకుంటూ, ఆ పిల్లనీ కిందికి ఆనించింది.

"నేను తెస్తా ఉండండి," అని రాస్త్యో కుర్చీ వెనక్కి జరిపాడు.

"కూర్చోరా!" ఇమ్రిచ్ కేక పెట్టాడు. "పండగపూట చావు కొనితెచ్చుకుంటావా?"

రాస్త్యో ఠక్కున కూర్చున్నాడు. ఇమ్రిచ్ గొంతు తగ్గించి, భార్య వైపు తిరిగి, ఎంతో మామూలుగా అన్నాడు.

"నువ్వు లేవచ్చుగా, ఒటీ. ఇల్లాలివి. నీకేం కాదు."

అంతా ఆవిడ వైపు చూశారు. ఒటీలియా భర్త మొహంలోకి చూసింది. కోపం రాలేదు. ఆ మాట ఎంత పెద్దదో ఆయనకి నిజంగానే తెలీదు. తెలియాలంటే ఎవరో ఒకరు చెప్పాలి.

"నాకూ వచ్చే ఏడు ఈ బల్ల దగ్గర ఉండాలనే ఉంది, ఇమ్రిచ్," అంది. ఆ మాట అని, చేపముక్క విరిచి, ముల్లు జాగ్రత్తగా తీసి పక్కన పెట్టి, తినడం మొదలుపెట్టింది.